పాలు మానిన పిల్లి



మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ సంగతి మీరు చూసే ఉంటారు. రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసి, భోజనాలై, ఇంటిల్లిపాదీ కాస్త నడుము వాల్చే వేళకు అది మెల్లగా వచ్చి ఎవరి ఒడిలోనో, ఏ దుప్పటి మీదనో చేరుతుంది. వెంటనే పడుకోదు. ముందరి కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆనించి, పిండి పిసికినట్టు మెల్లమెల్లగా తొక్కుతుంది. గోళ్ళు కొంచెం బయటికి వస్తాయి, మళ్ళీ లోపలికి పోతాయి. కళ్ళు సగం మూసుకుంటుంది. గొంతులో గురగురమని చప్పుడు. కొన్ని పిల్లులైతే దుప్పటి అంచు నోట పెట్టుకుని చప్పరించి తడిపేస్తాయి కూడా. దాని వయసు ఆరేళ్ళుంటుంది. రెండు మూడు ఈతలు ఈని తన పిల్లలకు తానే పాలిచ్చిన పిల్లి అది. దుప్పటిలో పాలు లేవని దానికి తెలియకనా? మరి ఏం వెతుకుతోంది?

ఈ అలవాటు ఎక్కడిదో చెప్పడం కష్టం కాదు. పిల్లి పిల్లలు పుట్టినప్పుడు వాటి కళ్ళు తెరుచుకుని ఉండవు, చెవులూ వినబడవు. కళ్ళు తెరవడానికి వారం పది రోజులు పడుతుంది. మొదటి వారాల్లో తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తల్లి పొట్టకు, తోబుట్టువుల ఒంటికి అంటుకుని బతకవలసిందే. ఆ చీకటిలో వాటికి దారి చూపేవి రెండే, వెచ్చదనం, వాసన. చాలా పిల్లలు కొద్ది రోజుల్లోనే తమకంటూ ఒక చన్ను ఎంచుకుని ప్రతిసారీ దాని దగ్గరికే పోతాయి. పాలు తాగేటప్పుడు ముందరి కాళ్ళతో తల్లి పొట్టను ఒత్తుతాయి, పాలు దిగడానికి. పుట్టిన కొద్ది రోజులకే గురగురమనడం కూడా మొదలవుతుంది. తల్లీ గురగురమంటుంది, పిల్లా గురగురమంటుంది. వినబడని చెవులకు కూడా ఆ అదురు ఒంటి ద్వారా తెలుస్తుంది. నాలుగో వారం నుంచి తల్లి కొంచెం కొంచెంగా దూరం జరుగుతుంది. రెండు నెలలకు పాలు దాదాపు ఆగిపోతాయి. పాలు ఆగినా ఆ కాళ్ళ కదలిక మాత్రం కొన్ని పిల్లుల్లో చచ్చేదాకా ఉంటుంది.

వెచ్చదనం మాట వచ్చింది గనుక ఇంకొకటి. మనకు చెమటలు పట్టే వేడి పిల్లికి హాయి. ముప్పై డిగ్రీలు దాటాకనే దాని ఒళ్ళు కుదుటపడుతుందని పశువైద్యులు చెబుతారు. కట్టెల పొయ్యిలున్న రోజుల్లో తెల్లవారుజామున పిల్లి ఎక్కడుండేదో మన పెద్దవాళ్ళకు తెలుసు: ఆరిపోయిన పొయ్యిలో, గోరువెచ్చని బూడిదలో. ఇల్లాలు పొయ్యి రాజెయ్యడానికి వస్తేనే అది లేచేది. అందుకే తిండికి లేని ఇంటి గురించి 'వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు' అన్నారు. ఎంత బాధ ఉంది ఆ మాటలో! మనుషులు ఆకలితో ఉన్నారు, పిల్లి మాత్రం నిశ్చింతగా ఉంది. ఒకే పొయ్యి ఒకరికి ఊరట, మరొకరికి లేమి. ఊరటను గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండో వైపు మరిచిపోకూడదు.

ఇక అసలు ప్రశ్న. ఊరటను వెతుక్కోవడం బలహీనతా? మన ఇళ్ళలో చాలామంది అవుననే అంటారు. 'వాడికి ఒడి మరిగింది', 'గారాబం ఎక్కువైంది', 'అలా ఎత్తుకుంటే రేపు ఎందుకూ పనికిరాడు' అనే మాటలు నేను ప్రతి వీధిలోనూ వింటాను. భక్తి గల ఇళ్ళలో దీనికి సిలువ పేరు కూడా జోడిస్తారు: కష్టాన్ని ఓర్చుకోవాలి గానీ ఊరట అడగకూడదట. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ రెండు వేర్వేరు సంగతులు ఇందులో కలిసిపోయాయి. మన భాషలో సుఖం వేరు, ఊరట వేరు. సుఖం మరగవచ్చు, ఎంతైనా కోరవచ్చు, డబ్బుంటే కొనవచ్చు. ఊరట అలా కాదు. ముందు ఒక బాధ, ఒక భయం, ఒక చలి ఉండాలి. ఆ తర్వాత వచ్చేది ఊరట. సుఖానికి హద్దు మనం పెట్టాలి. ఊరటకు హద్దు దానిలోనే ఉంటుంది. తొక్కి తొక్కి పిల్లి పడుకుని నిద్రపోతుంది, చూడండి. చాలు అనడం దానికి తెలుసు.

1637లో ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్ట్ ఒక పుస్తకంలో, జంతువులు యంత్రాల వంటివని, గడియారం చక్రాల బలంతో నడిచినట్టే అవి నడుస్తాయని రాశాడు. ఆయన మాటే నిజమైతే పిల్లి తొక్కుడు ఒక పాత స్ప్రింగు ఇంకా తిరుగుతూ ఉండడం మాత్రమే. అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందు బతికిన పునీత తోమాసు అక్వినాసు మాత్రం జంతువులను అంత చులకనగా చూడలేదు. గొర్రె తోడేలును చూసి పారిపోవడం దాని రంగు నచ్చక కాదు, అది తనకు శత్రువని గుర్తుపట్టడం వల్ల. పక్షి గడ్డిపరక ఏరడం అది అందంగా ఉందని కాదు, గూటికి పనికొస్తుందని అంటాడాయన. జంతువుకు బుద్ధి లేకపోయినా తనకు మేలేదో కీడేదో గుర్తించే శక్తి ఒకటి ఉందని ఆయన బోధ. గురువిద్యాలయంలో ఈ పాఠం చదివినప్పుడు నాకు గొర్రె, తోడేలే గుర్తుండిపోయాయి. ఆ మాటను పిల్లికి కూడా వర్తింపజేయవచ్చునని ఇప్పుడనిపిస్తోంది. ఒకప్పుడు మేలు ఎక్కడ దొరికిందో ఆ మెత్తదనాన్ని, ఆ వెచ్చదనాన్ని అది గుర్తుపడుతుంది. ఈ గుర్తుపట్టడాన్ని బలహీనత అని ఎలా అనగలం?

ఆ మేలు పాలేనా అంటే, కాదు. ఇది రుజువైన తీరు మాత్రం చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతిపిల్లలను పుట్టిన వెంటనే తల్లుల నుంచి వేరు చేసి, వాటి ముందు రెండు బొమ్మ తల్లులను ఉంచాడు. ఒకటి ఇనుప తీగలది, రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది. తీగల తల్లికి పాలసీసా అమర్చినా పిల్లలు పాలు తాగడానికి మాత్రమే దాని దగ్గరికి వెళ్ళాయి. మిగతా పగలూ రాత్రీ గుడ్డ తల్లిని కరుచుకునే ఉన్నాయి. భయపెడితే పరుగెత్తింది కూడా దాని దగ్గరికే. 1958లో ఆయన ఈ ఫలితాలను వెల్లడించాడు. తల్లి మీద ప్రేమ అంటే పాల మీద ఆశే అని అంతవరకు పండితులు చెప్పిన మాట దీంతో నిలవలేదు. ఏ పల్లెటూరి అమ్మమ్మను అడిగినా ఈ మాట ఊరికే చెప్పేది. దానికోసం అన్ని కూనలను ఏడిపించనక్కరలేదు. జంతువులను అవసరం లేకుండా బాధపెట్టడం మనిషి గౌరవానికే విరుద్ధమని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం బోధిస్తోంది. ఆ కూనలను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ బోధ గుర్తొస్తుంది.

'సరే ఫాదర్ గారూ, ఎప్పటికైనా పాలు మాన్పించాలి గదా' అంటారు మీరు. తప్పకుండా మాన్పించాలి. మన తల్లులు వేపాకు నూరి ఆ చేదు రొమ్ముకు రాసుకుంటారు. బిడ్డ నోరు పెట్టి, మొహం చిట్లించి, ఏడ్చి, రెండు మూడు రోజుల్లో మరిచిపోతుంది. పదహారవ శతాబ్దంలో స్పెయిను దేశంలో జీవించిన పునీత సిలువ యోహాను గారికి కూడా ఈ పద్ధతి తెలుసు. 'అంధకార రాత్రి' అనే తన గ్రంథం మొదట్లోనే ఆయన దేవుణ్ణి అలాంటి తల్లితో పోల్చాడు. ఆ తల్లి తన బిడ్డకు వెచ్చదనమిచ్చి, పాలిచ్చి, ముద్దుచేసి, బిడ్డ ఎదిగాక రొమ్ముకు చేదు పూసుకుని, చేతుల్లోంచి కిందికి దించి నడిపిస్తుంది. ప్రార్థనలో మొదట ఉన్న తీపి తర్వాత ఎందుకు పోతుందో చెప్పడానికి ఆయన ఎంచుకున్న పోలిక ఇది. ఇందులో ఒక వివరం మీద నా దృష్టి ఎప్పుడూ ఆగుతుంది. చేదు రాసుకునే తల్లి ఎక్కడికీ పోదు. పాలు మాన్పిస్తుంది గానీ ఒడి మాన్పించదు. ఏడ్చే బిడ్డను ఆ రాత్రి ఎత్తుకుని తిరిగేదీ ఆమే. పైగా ఆ చేదు, బిడ్డ ఎదిగిన తర్వాత వచ్చేది.

ముందే మాన్పిస్తే ఏమవుతుంది? పిల్లుల విషయంలో దీనికి జవాబుంది. ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయం వారు దాదాపు 6 వేల పెంపుడు పిల్లుల యజమానులను ప్రశ్నించి 2017లో ఒక పరిశీలన ప్రచురించారు. ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరుచేసిన పిల్లుల్లో రక్కడం, మీద పడడం వంటి కోపపు గుణం ఎక్కువగా కనబడింది. పద్నాలుగు వారాలు దాటాక వేరుచేసినవి కొత్తవారి మీద అంతగా తిరగబడలేదు. తన ఒంటినే అదే పనిగా నాకి నాకి పుండు చేసుకునే అలవాటూ వాటిలో తక్కువే. తొందరగా వేరుచేసినవి పిరికివయ్యాయా అంటే, ఆ తేడా కనబడలేదు. దీన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. ఊరట ముందే దూరమైన జీవికి కోపం పెరిగింది. దానిని మనం బలమని పొరబడే ప్రమాదముంది. చిన్నప్పుడే అందరికీ దూరమై 'గట్టివాడు' అని పేరు తెచ్చుకున్న మగవాళ్ళు కొందరు మీకూ తెలిసే ఉంటారు. వారి భార్యలను అడగండి, ఆ గట్టితనం ఎలాంటిదో.

పిల్లి గురించిన మాట మనిషికి ఉన్నదున్నట్టు అతకదు. నేనూ అతికించడం లేదు. అయితే పిల్లల విషయంలో తెలిసినది కూడా ఇటే చూపిస్తోంది. 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సంఘసేవకుడు, ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాపను చలనచిత్రంగా తీశాడు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. మొదట రెండు రోజులు ఏడ్చి తర్వాత మౌనంగా ఉండే పిల్లలను చూసి 'అలవాటు పడ్డారు' అని నర్సులు సంతోషించేవారు. అది అలవాటు పడడం కాదని రాబర్ట్‌సన్ చూపించాడు. మొదట ఏడుపు, తర్వాత నిరాశ, ఆ తర్వాత తల్లి వచ్చినా మొహం తిప్పుకునేంత దూరం. ఆ చిత్రాన్ని మొదట్లో చాలామంది వైద్యులు అంగీకరించలేదు. నెమ్మదిగా ఆసుపత్రుల నియమాలు మారాయి.

మన బిడ్డలను బోర్డింగులో చేర్చే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలని నా కోరిక. చదువు కోసం చేర్చక తప్పని ఇళ్ళున్నాయి. కన్యస్త్రీలు ఎంతో ప్రేమగా చూసుకునే బోర్డింగులూ ఉన్నాయి. వాటివల్లనే మూడు తరాలుగా మన ఇళ్ళలో దీపం వెలిగింది. ఐదారేళ్ళ పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు మాత్రం 'పది రోజులు ఏడుస్తాడు, తర్వాత వాడే మానుకుంటాడు' అన్న మాటతో తృప్తి పడకండి. ఎందుకు మానుకున్నాడో చూడండి. ఆదివారం మీరు వెళ్ళినప్పుడు పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడి ఏడిస్తే అది మంచి గుర్తు. నిలబడి, మర్యాదగా నమస్కారం పెట్టి, మీరు తెచ్చిన పొట్లం తీసుకుని వెళ్ళిపోతే అప్పుడు దిగులు పడండి.

కోనసీమలోను, కడప ప్రాంతంలోను ఇంకొక రకమైన ఇళ్ళున్నాయి. అమ్మ కువైటులోనో మస్కటులోనో ఎవరింట్లోనో పనిచేస్తూ ఉంటుంది. బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటుంది. అలాంటి ఒక అమ్మమ్మ ఆదివారం పూజ తర్వాత నా దగ్గరకొచ్చి, 'వీడికి ఐదేళ్ళొచ్చాయి ఫాదర్ గారూ, ఇంకా వాళ్ళమ్మ పాత చీర ముఖానికి చుట్టుకుని, అంచు చీకుతూ పడుకుంటాడు. కంపు కొడుతోందని ఉతికితే ఆ రాత్రంతా ఒకటే ఏడుపు. తీసి దాచెయ్యనా?' అని అడిగింది. ఈ ప్రశ్నలో తత్త్వశాస్త్రం ఉందని ఆమెకు తెలియదు. చీర అమ్మ కాదు. కాని దాన్ని అమ్మలా పట్టుకున్న పిల్లవాడు తనను తాను మోసం చేసుకుంటున్నాడా? అబద్ధంలో ఊరట పొందడం మంచిదా?

డోనల్డ్ విన్నికాట్ అనే ఆంగ్లేయ పిల్లల వైద్యుడు 1951లో సరిగ్గా ఇటువంటి గుడ్డముక్కల గురించి, బొమ్మల గురించి ఒక వ్యాసం సమర్పించాడు. ఆ వస్తువు పూర్తిగా బయటిదీ కాదు, పూర్తిగా బిడ్డ ఊహా కాదు. తల్లి ఉన్న చోటికి, లేని చోటికి మధ్య బిడ్డ వేసుకున్న వంతెన వంటిదని ఆయన అభిప్రాయాన్ని నేను నా మాటల్లో చెబుతాను. దాన్ని ఉతికితే ఆ వంతెన తెగుతుందని తల్లులకు తెలుసుననీ, అందుకే మురికిగానే ఉండనిస్తారనీ ఆయన గమనించాడు. ఇది నిజమా, నువ్వు కల్పించుకున్నదా అని ఆ బిడ్డను ఎవరూ అడగకూడదన్నాడు. వైద్యుడి మాట నాకు సమ్మతమే. అబద్ధం అనాలంటే దాన్ని నిజమని నమ్మించే ఉద్దేశం ఉండాలి. ఆ పిల్లవాడికి చీర చీరేనని తెలుసు. దుప్పటిలో పాలు లేవని పిల్లికి తెలిసినట్టే. చీరను పట్టుకుని వాడు అమ్మను మరిచిపోవడం లేదు, తలుచుకుంటున్నాడు. చీరను దాచవద్దనీ, రెండు ముక్కలు చేసి ఒకటి ఉతికినప్పుడు రెండోది వాడి దగ్గర ఉంచమనీ ఆమెకు చెప్పాను. ఫోనులో అమ్మ మాట్లాడేటప్పుడు ఆ చీర వాడి చేతిలో ఉండనివ్వమని కూడా చెప్పాను.

అలాగైతే ఊరట అని పేరు పెట్టుకున్నదంతా మంచిదేనా? సారా దుకాణం దగ్గర కూర్చున్నవాడూ ఊరట కోసమే వచ్చానంటాడు. రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోను మీద వేలు జరుపుతూ ఉండే ఆడపిల్లా అదే చెబుతుంది. ఇక్కడ మనిషికీ పిల్లికీ తేడా వస్తుంది. సియామీస్ వంటి కొన్ని జాతుల పిల్లుల్లో ఉన్ని చప్పరించే అలవాటు ముదిరి, కంబళిని నమిలి మింగేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవి ఉన్నాయి. ఇది తల్లి కాదు, కంబళి అని ఆగి ఆలోచించడం పిల్లికి చేతకాదు. మనకు చేతనవును. నా చేతిలో ఉన్నది నన్ను ఎవరి దగ్గరకైనా చేరుస్తోందా, లేక ఎవరూ అక్కరలేదనిపించేలా చేస్తోందా అని మనల్ని మనం అడగవచ్చు. చీర ఆ పిల్లవాణ్ణి అమ్మ దగ్గరకు చేరుస్తోంది. సీసా ఆ తండ్రిని బిడ్డల దగ్గర నుంచి తీసుకుపోతోంది. రెంటినీ ఒకే తక్కెడలో వేసి, 'ఊరటలన్నీ బలహీనతలే' అని తేల్చేవారితో నాకు పేచీ.

కీర్తనల గ్రంథంలో 131వ కీర్తన మూడే మూడు వచనాలు. పాలు మానిన బిడ్డ తల్లి దగ్గర నెమ్మదిగా ఉన్నట్టు తన ప్రాణం నెమ్మదిగా ఉందని ఆ భక్తుడు చెప్పుకున్నాడు. చంటిబిడ్డ అనలేదు, పాలు మానిన బిడ్డ అన్నాడు. చంటిబిడ్డ తల్లి ఒడిలో ఊరికే ఉండదు, వెతుకుతూ ఉంటుంది, దొరక్కపోతే ఏడుస్తుంది. పాలు మానిన బిడ్డకు అక్కడ దొరికేదేమీ లేదు. అయినా వచ్చి కూర్చుంటుంది. తల్లి కోసమే వస్తుంది కాబట్టి. ఆరేళ్ళ పిల్లి మీ ఒడిలో తొక్కుతున్నప్పుడు దాని మనసులో ఏముందో నాకు తెలియదు గాని, ఆ కీర్తన అర్థం చెప్పమని ఎవరైనా అడిగితే ముందుగా నాకు అదే గుర్తొస్తుంది.

తోమాసు గారి సంగతి ఒకటి మిగిలింది. ఆయన తన మహాగ్రంథం సుమ్మాలో దుఃఖానికి మందులేవని ప్రశ్నించుకుని ఐదు చెప్పాడు: ఏదైనా ఒక ఆనందం, కన్నీళ్ళు, స్నేహితుల సానుభూతి, సత్యాన్ని ధ్యానించడం, చివరిది నిద్ర, స్నానం. నిద్ర, స్నానం! మా క్లాసులో ఈ భాగం చదివినప్పుడు అందరం నవ్వాం. అంత గొప్ప వేదాంతి వేడినీళ్ళ స్నానం గురించి రాస్తాడని ఎవరనుకుంటారు? ఇరవై ఎనిమిదేళ్ళ గురుజీవితం తర్వాత ఇప్పుడు నవ్వు రావడం లేదు. చావు ఇంటికి వెళ్ళినప్పుడు బైబిలు చదవడానికి ముందు 'మీరు నిద్రపోయారా, ఏమైనా తిన్నారా' అని అడగడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. పిల్లి సంతోషంలోనే గురగురమంటుందని మనం అనుకుంటాం. దెబ్బ తగిలినప్పుడు, ఈనేటప్పుడు, చావుకు దగ్గరైనప్పుడు కూడా అది గురగురమంటుందని పశువైద్యులు అంటారు. మన ఇళ్ళలో మంచం పట్టిన పెద్దవాళ్ళు ఇలాగే చేస్తారు. ఎలా ఉన్నావమ్మా అంటే, 'నాకేం నాయనా, బాగానే ఉన్నాను' అంటారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చేతిలో చెయ్యి పెడితే మాత్రం కొందరు వదలరు. ఆ వేళ్ళు నా చేతిని మెల్లగా ఒత్తుతూనే ఉంటాయి, వదులుతూ ఒత్తుతూ. కోడళ్ళు సిగ్గుపడి, 'చెయ్యి వదలత్తా, ఫాదర్ గారు ఇంకా నాలుగిళ్ళకు వెళ్ళాలి' అంటారు. అలా అనకండి. ఆ నాలుగిళ్ళకు పావుగంట ఆలస్యంగా వెళతాను.